ముల్లు ఆగకూడదు

చేయవలసిన పనులు ఇవి.

గడ్డం పెంచాలి. కుడి మోకాలికి కొత్త కట్టు కొనాలి. రైఫిల్‌కున్న పాత నూనె తుడిచేసి, చలికి గడ్డకట్టని నూనె పట్టించాలి. ఇదివరకు కూడా ఎలుగుబంట్లు రాకుండా కాపలా కాసినట్టు రెండు కథలు తయారుగా పెట్టుకోవాలి. వాటిలో ఒకటి నవ్వు పుట్టించేదై ఉండాలి. అక్క కూతురి పెళ్లికి రాలేకపోతున్నానని ఫోన్ చేసి, అక్క తిట్టినంతసేపూ వినాలి. మంచుపీఠం మీద ఉన్న తొమ్మిదిమందిలో దొంగ ఎవరో కనిపెట్టాలి. బోదిల్ రాస్క్ అనే ఆవిడ చావకుండా చూడాలి.

చివరి రెండు పనులూ హాల్వార్ ఐడె తనంతట తాను పెట్టుకున్నవి కావు. నార్వే ఉత్తరాన ట్రామ్సో రేవులో, చేపల గిడ్డంగి పైనున్న గదిలో, గూఢచారి శాఖలో అతని పై అధికారి స్క్యెవిక్ అప్పగించినవి.

"కూర్చో," అన్నాడు స్క్యెవిక్.

"నిలబడతాను. కూర్చుంటే లేవడం కష్టం."

స్క్యెవిక్ బల్ల మీద ఒక ఫొటో పడేశాడు. ఉన్ని టోపీ, చెవులకు హెడ్‌ఫోన్లు, ఫొటో తీసేవాణ్ణి విసుక్కుంటున్న ముఖం.

"బోదిల్ రాస్క్. డేనిష్ ఆవిడ. అరవై ఆరేళ్లు. గడ్డకట్టిన సముద్రపు పాయ, అదే ఫ్యోర్డ్ మీద గుడిసె వేసుకుని, మంచుకి కన్నం పెట్టి, నీళ్లలోకి మైకు దించుతుంది. హిమానీనదం విరిగే చప్పుళ్లు టేపుల మీదికి ఎక్కిస్తుంది. నాలుగేళ్లుగా అదే పని."

"బాగుంది. మనకేమిటి?"

"ఆ మైకుకి మంచు ఒక్కటే వినపడదుగా. ఆ నీళ్ల అడుగున సబ్‌మెరైన్లు తిరుగుతున్నాయి. ఎవరివి, ఎప్పుడు, ఎటు పోయాయి, అన్నీ ఆవిడ టేపుల్లో ఉంటాయి. ఆవిడకి ఆ ధ్యాసే లేదు. కానీ 'లంగరు' వాళ్లకి తెలిసిపోయింది."

హాల్వార్ నిట్టూర్చాడు. లంగరు అంటే రహస్యాలు కొని అమ్మే ముఠా. వాళ్లకి జెండా లేదు, దేశం లేదు. ఎవడు ఎక్కువిస్తే వాడి పని చేస్తారు. పదిహేనేళ్ల నుంచి హాల్వార్ వాళ్ల వెనకే తిరుగుతున్నాడు. ఒక తోక తెంపితే ఇంకో తోక మొలుస్తుంది.

"కోపెన్‌హాగెన్‌లో ఆవిడ టేపులు భద్రం చేసే ఉద్యోగి పోయిన నెల కాలవలో తేలాడు," అన్నాడు స్క్యెవిక్.

"ఈత రాదా?"

"ఈత పోటీల్లో గెలిచిన కప్పులు ఇంటినిండా ఉన్నాయి. ఇప్పుడు ఆవిడ వంతు. మంచు మీద ప్రమాదం జరిగితే ఎందుకు జరిగిందని ఎవరూ అడగరు. లంగరు మనిషి అప్పుడే శిబిరంలో చేరాడు. ఇదిగో, ఈ ఫ్లాస్కు పట్టుకో. అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది."

"చలికి బ్యాటరీ చస్తుంది."

"లాబరేటరీలో పనిచేసింది."

"లాబరేటరీలో హీటర్ ఉంటుంది, సార్."

స్క్యెవిక్ వినిపించుకోలేదు. "కోడ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. 'ఈ యేడాది పక్షులు ముందే వచ్చాయి.' జవాబు, 'గూడు మాత్రం పాతదే.'"

"అక్కడ మనవాళ్లెవరూ లేరన్నారుగా. ఎవరికి చెప్పను?"

"ఎవరూ లేరు. ఇవ్వడం పద్ధతి కనుక ఇస్తున్నాను."

*

అది ఎనభై మూడో సంవత్సరం ఏప్రిల్ నెల. ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని స్వాల్‌బార్డ్ దీవుల తూర్పు కొసన, ఆస్ట్‌ఫొన్నా మంచుపీఠం మీద ఆరు దేశాల శాస్త్రజ్ఞులు గుడారాలు వేసుకుని ఉన్నారు. సూర్యుడు అస్తమించడం మానేసిన కాలం. పడుకున్నా వెలుగే, లేచినా వెలుగే. అలసట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

ఎవరి గోల వాళ్లది. ఒకాయన మంచులోకి గొట్టం దింపి, ఎప్పటిదో పాత గాలిని బుడగలతో సహా పైకి తీస్తాడు. ఒకాయన మంచులో బతికే సూక్ష్మజీవుల్ని వెతుకుతాడు. ఫిన్లండ్ నుంచి వచ్చిన తౌనో లెహ్తో శిబిరానికి నాయకుడు, పేలుళ్ల మనిషి. మంచులో వరసగా పన్నెండు గుంతలు తీసి మందు దట్టించి ఒకేసారి పేలుస్తాడు. ఆ అదురు కిందికి పోయి, రాతికి తగిలి, తిరిగొచ్చే వేళను బట్టి మంచు ఎంత లోతుందో లెక్క కడతాడు. పన్నెండో గుంత కింద ఫ్యోర్డ్ మీద, బోదిల్ గుడిసెకు కాస్త దూరంలో ఉంది. పేలుడు నీళ్లలో ఎలా వినిపిస్తుందో ఆవిడ టేపు మీద పడుతుంది.

హాల్వార్ దిగిన రోజునే తౌనో అతన్ని తన గుడారంలోకి లాక్కెళ్లాడు. కాగితపు చుట్ట మీద సన్నటి ముల్లు గీతలు గీస్తోంది.

"కాపలా పెద్దమనిషీ, ఇది చూడు. మంచులో పాతిపెట్టిన జియోఫోన్లు చెప్పే కబుర్లివి. నువ్వు అక్కడ తుమ్మితే ఇక్కడ ముల్లు ఉలిక్కిపడుతుంది. పేల్చేముందు నేను ఎర్రజెండా ఎగరేస్తాను. జెండా ఎగిరిందంటే ఇంజన్లు బంద్. నడక బంద్. గరిటె తిప్పడం కూడా బంద్."

"రేడియోలు?"

"రేడియోలు ముందే బంద్. రేడియో అలలకి మందు అంటించే డిటొనేటర్ రేగిపోయే ప్రమాదముంది. ముల్లు అయిదు నిమిషాలు అలికిడి లేకుండా నిలబడాలి. అప్పుడే మీట నొక్కుతాను. అంతవరకూ దేవుడే నడిచొచ్చినా ఆగాల్సిందే."

"దేవుడు వస్తే?"

"కూర్చోమంటాను. కదలొద్దంటాను."

ఇక చెప్పుకోవలసింది సోలాంజ్ డెఫోసె గురించి. బ్రస్సెల్స్ నుంచి వచ్చింది, మంచులోని రసాయనాలు చూస్తుంది. ముఖం మీద ఊపిరి గడ్డకట్టే చలిలో కూడా పెదవులకు ఎర్రరంగు వేసుకునేది. ఆమె భోజనాల గుడారంలోకి వస్తే మగవాళ్లంతా ఒక్కసారి గడ్డాలు దువ్వుకునేవాళ్లు. "ఉత్తరానికి రావడం ఇదే మొదటిసారి" అనేది. స్కీలు వేసుకుని నాలుగడుగులు వేసి పడిపోయేది. లేవదీయడానికి ముగ్గురు పరిగెత్తేవాళ్లు.

హాల్వార్ ఒక్కొక్కరినీ గమనించాడు. రెండు వారాలు గడిచాయి. ఫ్లాస్కులోని బ్యాటరీ రెండోరోజే చచ్చింది. ఫ్లాస్కులో కాఫీ కూడా వేడిగా ఉండదని తేలింది.

*

తౌనో పేలుళ్లకు ముందురోజు, ఎలుగు జాడలు చూసే మిషతో హాల్వార్ ఫ్యోర్డ్ ఒడ్డునున్న పాత వేటగాళ్ల గుడిసెకు వెళ్లాడు. అక్కడికి వెళ్లినట్టు శిబిరంలో ఎవరూ చెప్పలేదు.

తలుపుకు గడియ లేదు. లోపల పొయ్యి పేర్చి ఉంది. అడుగున కత్తితో చెక్కిన సన్నటి చెక్కపేళ్లు, పైన ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రముక్కలు. పక్కన బొగ్గు. అగ్గిపెట్టె సగం తెరిచి, ఒక పుల్లను ముందుకు లాగి ఉంచారు.

మా ఉత్తరాన ఇది ఎవరూ నేర్పరు, ఎవరూ మర్చిపోరు. గుడిసె విడిచివెళ్లేవాడు వచ్చేవాడి కోసం పొయ్యి పేర్చి వెళ్తాడు. వచ్చేవాడు వేళ్లు కొయ్యబారి ఉంటాడు కనుక అగ్గిపుల్ల ముందుకు లాగి ఉంటుంది. వాడెవడో తెలియనక్కర్లేదు, శత్రువైనా సరే.

హాల్వార్ బూడిదలో చెయ్యి పెట్టాడు. అడుగున ఇంకా వెచ్చగా ఉంది. మంచం కిందికి వంగి చూస్తే, డిటొనేటర్లకు చుట్టే మైనపు కాగితం ఉండలా నలిగి పడి ఉంది.

శిబిరానికి తిరిగొచ్చి తౌనోని అడిగాడు. "నీ డిటొనేటర్లు సరిపోయాయా?"

"నా పిల్లల్నైనా మర్చిపోతానుగానీ వాటిని మర్చిపోను. అన్నీ ఉన్నాయి. ఏం?"

"ఊరికే."

అంటే ఎవరో సొంతంగా తెచ్చుకున్నారు. హాల్వార్ కిరసనాయిలు డబ్బా ఒకటి భుజానికెత్తుకుని బోదిల్ గుడిసెకు దిగాడు. తలుపు తట్టకముందే లోపలి నుంచి కేక వినబడింది.

"మెల్లగా నడు, అబ్బాయ్. నువ్వొస్తున్నావని ఎప్పట్నుంచో వింటున్నాను. కుడికాలు ఈడుస్తున్నావు."

"యాభై రెండేళ్లవాణ్ణి పట్టుకుని అబ్బాయ్ అంటారేమిటండీ?"

"నేను వినే మంచు వయసుతో పోలిస్తే నువ్వింకా పుట్టలేదు. డబ్బా అక్కడ పెట్టు. మంచం కింద ఏం వెతుకుతున్నావు?"

"ఎలుకలేమైనా..."

"స్వాల్‌బార్డ్‌లో, సముద్రం మీద, నా మంచం కింద ఎలుక. కాపలావాణ్ణి భలే ఏరి పంపారు." ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకు తగిలించింది. "విను. నోరు మూసుకుని విను."

వేడినూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. ఎడతెగకుండా, ఎక్కడో అడుగున.

"మంచులో ఇరుక్కున్న పాత గాలి అది. మంచు కరిగి, బుడగ పగిలి, బయటికొస్తోంది. మనవాళ్లెవరూ పీల్చని గాలి. ఏటేటా ఈ చప్పుడు పెరుగుతోంది. ఇంకో పదేళ్లు వింటే ఎంత పెరిగిందో గట్టిగా చెప్పగలను. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు."

"పదేళ్లా?"

"అందుకే సిగరెట్లు మానేశాను," అంది బోదిల్ విచారంగా.

హాల్వార్ గుడిసె లోపలా చుట్టూ అంతా చూశాడు. ఏమీ లేదు. పేలుళ్ల వేళకు ఇక్కడే ఉండాలనుకుంటూ కొండెక్కాడు.

*

మర్నాడు ఉదయం గాలి లేచింది. నేల మంచు పొగలా కొట్టుకుపోతోంది. హాల్వార్ భోజనాల గుడారంలోకి వెళ్లి స్టవ్ వెలిగించబోయాడు. ముందురోజు వంట వంతు సోలాంజ్‌ది. స్టవ్ నిండా కిరసనాయిలు పోసి ఉంది. కెటిల్ నిండా శుభ్రమైన మంచు కుక్కి ఉంది. అగ్గిపెట్టె సగం తెరిచి, ఒక పుల్ల ముందుకు లాగి ఉంది.

హాల్వార్ ఆ పుల్ల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమె వంతు అయిన ప్రతి మర్నాడూ ఇలాగే ఉండేది. రెండు వారాలుగా హాయిగా వాడుకున్నాడుగానీ ఎందుకిలా ఉందని ఒక్కసారీ ఆలోచించలేదు. మన ఇంట్లో ఉన్నట్టే ఉంటే ఎవరు ఆలోచిస్తారు?

బ్రస్సెల్స్‌లో పుట్టి పెరిగిన చేతికి ఈ అలవాటు రాదు.

"సోలాంజ్ ఏదీ?" అనడిగాడు తౌనోని.

"మంచు నమూనాలకని పొద్దున్నే పోయింది. ఫ్యోర్డ్ వైపు. నువ్వు కూడానా, ముసలోడా? వరసలో నిలబడు, నీ ముందు ఏడుగురున్నారు. ఇంకో గంటలో జెండా ఎగరేస్తున్నాను. ఎక్కడికి పోతావో పో, జెండా ఎగిరాక కదలకు."

స్కీ జాడలు తిన్నగా, ఒకే లోతులో, ఎక్కడా తడబడకుండా దిగిపోయాయి. నాలుగడుగులకోసారి పడిపోయే మనిషి జాడలు కావవి. హాల్వార్ మంచు స్కూటర్ వేసుకుని వెంటపడ్డాడు. సగం దారిలో ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఎంత తాడు లాగినా లేవలేదు. అక్కణ్ణుంచి స్కీల మీద, మోకాలి నొప్పికి పళ్లు కొరుకుతూ, దిగాడు.

వేటగాళ్ల గుడిసె చిమ్నీ నుంచి పొగ వస్తోంది.

సోలాంజ్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పెదవులకు రంగు లేదు. రైఫిల్ చూసి కూడా లేవలేదు.

"తలుపు వెయ్యండి, చలి," అంది. నార్వేజియన్‌లో అంది. అచ్చం సముద్రపు ఒడ్డు యాస.

"మందు ఎక్కడ పెట్టావు?"

ఆమె జవాబు చెప్పకుండా, "ఓడ ఉత్తరానికి వెళ్లిందా?" అంది.

హాల్వార్ రైఫిల్ కొంచెం కిందికి దిగింది. "ఉప్పు వేసుకుని వెళ్లింది" అని దానికి జవాబు. ఒకప్పుడు అతనూ వాడిన కోడ్ అది. వియన్నాలో తమ మనిషి ఒకడు దొరికిపోయాక ఆరేళ్ల కిందట రద్దు చేశారు.

"అది రద్దయింది," అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదు." ఆమె నవ్వింది. "లంగరులోకి నన్ను పంపింది స్క్యెవిక్. ఏడేళ్లయింది. రెండేళ్లలో వెనక్కి పిలుస్తానన్నాడు. ఈ పని మీద నన్ను ఇక్కడికి పంపుతున్నారని మూడుసార్లు కబురు పెట్టాను. కబుర్లు పెట్టే చోటికి వెళ్లి చూస్తే ఇప్పుడది బూట్ల దుకాణం."

"ఆ కోడ్ మన మనిషికి తెలుస్తుంది. మన మనిషిని పట్టుకున్నవాళ్లకీ తెలుస్తుంది."

"అవును. నేను మీ స్థానంలో ఉన్నా నమ్మను. నన్నెలా పట్టుకున్నారు?"

"పొయ్యి పేర్చి పెట్టావు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "ఫ్రెంచి నేర్చుకున్నాను. ఫోర్కు పట్టుకోవడం మార్చుకున్నాను. స్కీల మీద పడిపోవడం నేర్చుకున్నాను, అదెంత కష్టమో మీకు తెలుసు. పొయ్యి సంగతి నాకే తట్టలేదు."

"మందు ఎక్కడ?"

"బోదిల్ గారి గుడిసె కింద. ఇవాళే పెట్టాను. తీగ మంచులోంచి లాగి పన్నెండో గుంతకి కలిపాను. తౌనో మీట నొక్కితే అన్నీ కలిసి పోతాయి. లెక్కలో పొరపాటు జరిగిందనుకుంటారు."

"ఎలా పెట్టగలిగావు?"

"నేను పెట్టకపోతే ఇంకొకణ్ణి పంపిస్తారు. వాడు పొయ్యి పేర్చే రకం కాదు. చివరి నిమిషంలో నేనే తీసేద్దామనుకున్నాను. మంచులోంచి లేచేసరికి ఆవిడ తలుపు తీసి కాఫీకి పిలిచింది. తాగాను. ఎదురుగా కూర్చుని తాగాను. తీయకుండా వచ్చేశాను." మెల్లగా అంది. "తీస్తే నా సంగతి వాళ్లకి తెలిసిపోతుంది. ఏడేళ్లు బతికాను కదా, ఆ బతకడం అలవాటైపోయింది."

హాల్వార్ గడియారం చూశాడు. తౌనో జెండా ఎగరేసి ఉంటాడు. రేడియోలు బంద్. స్కూటర్ కొండ మీద చచ్చిపడి ఉంది. సిగ్నల్ తూటా కాల్చినా ఈ మంచుపొగలో ఎవరికీ కనబడదు. తన కాలితో బోదిల్ గుడిసె చేరాలంటే గంట పడుతుంది.

"ఈ గుడిసె వెనక తౌనో జియోఫోన్ ఉంది," అంది ఆమె హఠాత్తుగా. "ఆఖరిది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముల్లు నిలవకపోతే మీట నొక్కడు.

"ఒకరు ఇక్కడ గెంతాలి. ఒకరు వెళ్లి తీగ తెంపాలి," అన్నాడు హాల్వార్.

"మీరు వెళ్లలేరు."

"వెళ్లలేను."

ఆమె వెళ్తే తీగైనా తెంపవచ్చు, అటునుంచి అటే పారిపోనూవచ్చు. పదిహేనేళ్లుగా ఎవరినీ నమ్మకుండా ఉండటమే అతని ఉద్యోగం. అది చేసీ చేసీ అలసిపోయాడు. చేతిలోని రైఫిల్ ఆమెకు అందించాడు.

"తెంపగానే ఒక తూటా పేల్చు. అది వినబడేదాకా గెంతుతాను. నీ పేరేమిటి?"

"ఏ పేరు?"

"మీ అమ్మ పెట్టింది."

ఆమె స్కీ పట్టీలు బిగించుకుంది. "మరిత్. మరిత్ షోబక్," అంది. ఆ పేరు నోటికి తిరగక కాస్త తడబడింది. తర్వాత మంచుపొగలో కలిసిపోయింది.

*

హాల్వార్ జియోఫోన్ జెండా పక్కన నిలబడి గెంతడం మొదలుపెట్టాడు.

కొండపైన గుడారంలో తౌనో మీట మీద చెయ్యేసి కూర్చున్నాడు. ముల్లు చక్కగా నిలబడి ఉన్నదల్లా ఎగిరిపడింది. మళ్లీ ఎగిరింది. మళ్లీ.

"ఎవడది?" అన్నాడు తౌనో. పక్కనున్న సూక్ష్మజీవుల ఆయన ఊపిరి బిగబట్టి తల అడ్డంగా ఊపాడు. "ఆఖరి జియోఫోన్. ఎలుగుబంటి అయ్యుంటుంది. ఆడుకుంటోంది దరిద్రం. ఆగుదాం."

కింద హాల్వార్ గెంతుతూనే ఉన్నాడు. మొదట రెండు కాళ్లతో గెంతాడు. తర్వాత ఎడమకాలితో. తర్వాత బూటు మడమతో మంచును తన్నాడు. గడ్డం నిండా మంచు పట్టింది. తన ఈడువాళ్లు ఈ వేళకు ఆఫీసుల్లో వేడి సూపు తాగుతూ ఉంటారనుకున్నాడు. అక్క కూతురి పెళ్లి ఇవాళే కదా అనుకున్నాడు. అక్కడ కూడా ఈపాటికి డాన్సు చేస్తుంటారు.

తూటా పేలలేదు.

మోకాలు ఒక్కసారి పక్కకు తిరిగింది. బోర్లా పడ్డాడు. లేవబోతే కాలు రాలేదు. పిడికిళ్లతో మంచును బాదాడు. అవి కూడా బరువెక్కి, మెల్లబడి, ఆగిపోయాయి.

"ఆగింది," అన్నాడు తౌనో పైన. "వెళ్లిపోయినట్టుంది." గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ముల్లు తిన్నటి గీత గీస్తోంది. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగు.

హాల్వార్ మంచులో ముఖం పెట్టి పడుకున్నాడు. ఆమె వెళ్లిపోయిందనుకున్నాడు. కోపం రాలేదు. మంచం కింద ఎలుకల్ని వెతికినందుకు నవ్విన ముసలావిడ గుర్తొచ్చి, మిగిలిన బలమంతా కూడదీసుకుని తలను మంచుకేసి ఒకసారి కొట్టుకున్నాడు.

తౌనో ముల్లు చిన్నగా, చాలా చిన్నగా అదిరింది.

"నీయమ్మ," అన్నాడు తౌనో. మళ్లీ మొదటినుంచి అయిదు నిమిషాలు లెక్కపెట్టసాగాడు.

ఆ అయిదు నిమిషాల్లో, దూరంగా ఫ్యోర్డ్ మీద, ఒక రైఫిల్ పేలింది.

కాసేపటికి మంచు కింద మూలిగినట్టు చప్పుడు. పన్నెండు గుంతలు ఒక్కసారిగా పేలి, నేల ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకుంది. గాలి తెరిపిచ్చాక హాల్వార్ తలెత్తి చూశాడు. బోదిల్ గుడిసె ఉన్నచోటే ఉంది. చిమ్నీలోంచి పొగ వస్తోంది.

*

తౌనో వాళ్లు స్కూటర్ మీద వచ్చి అతన్ని బోదిల్ గుడిసెకు చేర్చారు. తెంపిన తీగా మందూ అప్పటికే మంచు కన్నంలోంచి సముద్రం పాలయ్యాయి. తౌనో కాగితపు చుట్ట విప్పి చూపించాడు.

"నా జీవితంలో ఇంత దరిద్రపు రికార్డు లేదు. నా ఎలుగుబంటి రెండుకాళ్లది, అందులో ఒకటి కుంటిది. ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"చలేసింది. గెంతాను."

"జెండా ఎగరేశాక?"

"బాగా చలేసింది."

తౌనో తిట్టుకుంటూ బయటికి పోయాడు. బోదిల్ ముగ్గురికీ కాఫీ పోసింది. మరిత్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. 

హాల్వార్ అడగవలసింది అడిగాడు. "బోదిల్ గారూ, మీ టేపుల్లో మంచు కాకుండా ఇంజన్ల చప్పుళ్లు ఏమైనా పడతాయా?"

"ఆ రొదా? పడుతుంది. పాడుముండది, ఒక్కోసారి అరగంట మంచు మింగేస్తుంది."

"ఆ టేపులు ఎక్కడున్నాయి?"

"ఎక్కడుండటమేమిటి? కత్తిరించి పారేస్తాను."

"నాలుగేళ్లుగానా?"

"నాలుగేళ్లుగానే. మోటార్లు వినాలంటే కోపెన్‌హాగెన్‌లో మా ఇంటి కిటికీ తీస్తే సరిపోయేది. ఇంత దూరం ఎందుకొస్తాను?"

మరిత్ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక ముఖం మోకాళ్లలో దాచుకుంది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో హాల్వార్‌కు తెలియలేదు. అతను మాత్రం కాలవలో తేలిన ఉద్యోగి గురించి ఆలోచించాడు. ఆ మనిషి కాపలా కాసిన బీరువాల్లో ఉన్నది ఉత్త మంచు.

సాయంత్రం శిబిరం రేడియోలో, ఇంటి కబుర్ల భాషలో, స్క్యెవిక్‌కు సంగతి చేరింది. గరగరల మధ్య అతని జవాబు వచ్చింది. 

"పార్సిలు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే తిప్పి పంపు."

"పార్సిలు అలసిపోయింది, సార్."

"మనమందరం అలసిపోయాం."

హాల్వార్ వచ్చి ఆ మాట చెప్పబోతే మరిత్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలుసు. నేను వెళ్లకపోతే ఇంకొకడొస్తాడు. ఆవిడ టేపుల్లో ఏమీ లేదని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి. చూపించి చెప్పాలి. అప్పుడే ఆవిడ జోలికి రారు."

"నమ్మకపోతే?"

"నమ్మకపోతే నమ్మరు." భుజాలెగరేసింది. "ఏడేళ్లుగా అబద్ధాలు మోస్తే అన్నీ నమ్మారు. మొదటిసారి నిజం పట్టుకెళ్తున్నాను. అదే భయంగా ఉంది."

టేపుల నకలు కావాలని ఆమే వెళ్లి అడిగింది. బోదిల్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నిజంగా వింటావా?"

"వింటాను. వినేవాళ్లు ఇంకా కొందరున్నారు. చాలా శ్రద్ధగా వింటారు."

"ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదమ్మా," అంది బోదిల్. తన దగ్గర దాచుకున్న నాలుగేళ్ల టేపుల నకళ్లు రెండు పెట్టెల్లో సర్ది, ఏది ముందు వినాలో, ఏది వింటూ కాఫీ తాగకూడదో చెప్పి ఇచ్చింది.

సరుకుల విమానం వచ్చినప్పుడు సోలాంజ్ డెఫోసె పంటినొప్పి అని సాకు చెప్పి ఎక్కింది. పెదవులకు ఎర్రరంగు వేసుకుంది. మెట్ల దగ్గర నాలుగడుగులకు ఒకసారి జారిపడింది. ముగ్గురు పరిగెత్తారు. హాల్వార్ కర్ర ఊతతో దూరంగా నిలబడి చూశాడు.

*

బోదిల్ రాస్క్ మీదికి మళ్లీ ఎవరూ రాలేదు. ఆవిడ ఇంకా పదకొండేళ్లు విన్నది. మంచు చప్పుడు ఎంత పెరిగిందో గట్టిగా చెప్పింది. కొందరు నమ్మారు కూడా.

లంగరు వాళ్లు ఆ టేపులు నమ్మారా, లేక తెచ్చిన మనిషితోనే లెక్క తేల్చుకున్నారా తెలియదు. బ్రస్సెల్స్ నుంచి ఉత్తరం రాలేదు. ఆ శరత్కాలంలో హాల్వార్ గిడ్డంగి మెట్లెక్కి, "మరిత్ షోబక్ సంగతేమైంది?" అని అడిగాడు.

"ఆ పేరుతో మన దగ్గర ఎవరూ పని చెయ్యలేదు," అన్నాడు స్క్యెవిక్. కిటికీ వైపు తిరిగి అన్నాడు.

పరిశోధనల పుస్తకం అచ్చయినప్పుడు కృతజ్ఞతల పేజీలో సోలాంజ్ డెఫోసె అని ఉంది. ఆ పేరు గల మనిషి ఎన్నడూ పుట్టలేదు. హాల్వార్ ఏటా ఒకసారి కోపెన్‌హాగెన్ వెళ్లి బోదిల్‌ను చూసి వచ్చేవాడు. పోయేదాకా ఆవిడ ప్రతిసారీ అడిగింది ఒకటే. "ఆ అమ్మాయికి నా టేపులు నచ్చాయంటావా?"

నచ్చాయనే చెప్పాడు. అతను వృత్తిలో చెప్పిన అబద్ధాల్లో అబద్ధమో కాదో తనకే తెలియనిది అదొక్కటే.

కనుక చదివినవారికి ఒక మనవి. ఆమె పేరు మరిత్ షోబక్. నార్వే ఉత్తరపు కొసన, ఫిన్‌మార్క్ తీరాన ఒక చేపల రేవులో పుట్టింది. దయచేసి గుర్తుపెట్టుకోండి. గుర్తుపెట్టుకోవడానికి జీతాలు తీసుకున్నవాళ్లు ఆ పని చెయ్యలేదు.